రైలుబండి దీపము: కాంతి వేగమును గూర్చి ఒక పాఠము



గడచిన సంవత్సరము ఎనిమిదవ తరగతిలో మేము పద్యపాఠము చెప్పుచుంటిమి. పద్యములో వెన్నెల ప్రసక్తి వచ్చెను. చంద్రుని వెలుగు భూమిని చేరుటకు ఒక సెకండునకు కొంచెము పైగా పట్టునని మాటవరుసకు చెప్పితిమి. వెంటనే ఒక బాలిక లేచి నిలువబడి, “అయ్యవారూ, వెలుగంత వేగముగా పోయే రైలుబండి ఉన్నదనుకోండి. దాని ముందు దీపము వెలిగిస్తే ఆ వెలుగు ముందుకు పోతుందా? పోతే ఎంత వేగముతో పోతుంది?” అని అడిగెను.

మేము తెలుగు చెప్పువారము. విజ్ఞానశాస్త్రము మా విషయము కాదు. ఆ మాట అప్పుడే ఒప్పుకొనవలసినది. కాని తరగతి యెదుట తెలియదనుటకు నోరు రాక, “బండి వేగము, వెలుగు వేగము రెండును కలిసి రెట్టింపు వేగముతో పోవును” అని చెప్పి పద్యమునకు మరలితిమి.

ఆ జవాబు తప్పు.

తప్పు అచటితో ఆగలేదు. ఆ బాలిక మా జవాబును ఇంట చెప్పగా, ఇంగ్లీషు మాధ్యమమున చదువుచున్న బంధువుల పిల్లవాడు విని నవ్వెనట. వారము తిరుగక మునుపే ఆమె తండ్రి పాఠశాలకు వచ్చి, “అయ్యవారూ, తప్పుగా అనుకోవద్దు. ఇట్లాంటి సంగతులు తెలుగులో చదివితే వస్తాయా? వచ్చే ఏడు పాపను వేరే బడిలో చేర్పించమని ఇంట్లో అంటున్నారు” అని మర్యాదగానే అడిగెను. మేము ఆయనకు ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ వేసవి సెలవులలో మా పాఠశాల సైన్సు ఉపాధ్యాయుని యొద్ద పిల్లలవలె కూర్చుండి, తెలుగు, కన్నడము, ఇంగ్లీషు పుస్తకములను ముందుంచుకొని ఈ విషయమును నేర్చుకొంటిమి. ఈ పాఠము ఆ బాలిక ప్రశ్నకును, ఆమె తండ్రి ప్రశ్నకును కూడ జవాబు.

కూడికలో వచ్చిన చిక్కు

మొదట మా తప్పు ఎట్లు పుట్టినదో చూడుడు. బంగారపేట నుండి మారికుప్పమునకు పోవు బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. పెట్టెలో ఒక పిల్లవాడు బంతిని ముందుకు గంటకు 10 కిలోమీటర్ల వేగముతో దొర్లించెను. ప్లాట్‌ఫారము మీద నిలిచి చూచువానికి ఆ బంతి వేగము 40కి 10 కలిపి 50 కిలోమీటర్లు. వెనుకకు దొర్లించినచో 40లో 10 పోగా 30 కిలోమీటర్లు. ఇది మనకందరకు అనుభవములో నున్న లెక్క. బండి వేగమునకు బంతి వేగమును కూడినట్లే, దీపపు వెలుగు వేగమును కూడ కూడవచ్చునని మేము తలంచితిమి. మేమే కాదు, 19వ శతాబ్దపు గొప్ప శాస్త్రజ్ఞులును ఈ కూడికను శంకింపలేదు. అది తప్పవచ్చునని తెలియుటకు మొదట వెలుగు వేగమును కొలువవలసి వచ్చెను.

వెలుగు వేగమును కొలిచినవారు

పూర్వము చాలమంది వెలుగునకు ప్రయాణకాలమే లేదని తలంచుచుండిరి. ఇటలీ దేశపు గెలీలియో ఒకరికొకరు దూరముగా నిలిచిన ఇద్దరికి లాంతరులిచ్చి, ఒకడు మూత తీసినంతనే రెండవవాడును తీయునట్లు చేయించి, నడుమ ఆలస్యమున్నదేమో చూడవలెనని యత్నించెను. ఆ కొద్ది దూరమునకు ఏమియు తేలలేదు.

1676లో పారిస్‌లో పనిచేయుచున్న రోమర్ అను డెన్మార్కు దేశీయుడు గురుగ్రహపు ఉపగ్రహమైన అయోకు పట్టు గ్రహణములను గమనించుచుండెను. భూమి గురువునకు దూరముగా పోవుచున్నపుడు ఆ గ్రహణములు లెక్కకన్న ఆలస్యముగాను, దగ్గరకు వచ్చుచున్నపుడు ముందుగాను కనబడెను. ఉపగ్రహము ఆలస్యము చేయుట లేదు. వార్త తెచ్చు వెలుగునకు ఎక్కువ దూరము నడువవలసి వచ్చుచున్నది. వెలుగునకు ప్రయాణకాలము కలదని ఇట్లు తెలిసెను.

1849లో ఫ్రాన్సు దేశీయుడు ఫీజో ఈ వేగమును భూమి మీదనే కొలిచెను. 720 పండ్లు గల చక్రమును త్రిప్పుచు, పండ్ల సందులలోనుండి వెలుగును 8 కిలోమీటర్లకు పైగా దూరమున నున్న అద్దము మీదికి పంపెను. మరలివచ్చు వెలుగునకు తరువాతి పన్ను అడ్డుపడునంతటి వేగముతో చక్రమును త్రిప్పి, ఆ లెక్కనుండి సెకండునకు సుమారు 3,13,000 కిలోమీటర్లని తేల్చెను. నేడు శూన్యములో వెలుగు వేగము సెకండునకు 29,97,92,458 మీటర్లని నిర్ణయింపబడి యున్నది. 1983 నుండి మీటరును కూడ ఈ వేగమునుబట్టియే నిర్వచించుచున్నారు. మన లెక్కలకు సెకండునకు 3 లక్షల కిలోమీటర్లని గ్రహించిన చాలును. ఈ వేగముతో సూర్యుని వెలుగు మనలను చేరుటకు సుమారు 8 నిమిషముల 20 సెకండ్లు పట్టును.

కనబడని తేడా

భూమి సూర్యుని చుట్టును సెకండునకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నది. మనమందరము ఎక్కియున్న పెద్ద రైలుబండి ఇదియే. బంతి లెక్క నిజమైనచో, భూమి పోవు దిక్కున వెలుగునకు ఒక వేగము, అడ్డదిక్కున వేరొక వేగము కనబడవలెను. ఆ కాలపు శాస్త్రజ్ఞులు ఆకాశమంతట ఈథర్ అను పదార్థము నిండియున్నదనియు, నీటిలో అలవలె వెలుగు దానిలో పోవుననియు తలంచిరి.

1887లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున మైకెల్సన్, మోర్లీ అను ఇద్దరు ఈ తేడాను పట్టుటకు పూనుకొనిరి. పెద్ద రాతిపలకను పాదరసము మీద తేలునట్లు అమర్చి, దానిపై అద్దములు నిలిపి, ఒకే వెలుగును రెండుగా చీల్చి ఒకదానికొకటి అడ్డముగా రెండు దారులలో పంపి, మరల కలిపి చూచిరి. రాతిని మెల్లగా త్రిప్పుచు అన్ని దిక్కులను పరీక్షించిరి. వారు ఎదురు చూచిన తేడా కనబడలేదు. బండి కదలుచున్నను, దానిపై నుండి కొలిచినవారికి వెలుగు వేగములో దిక్కునుబట్టి తేడా కనబడుట లేదు!

అక్కరలేని ఫలితమని దీనిని త్రోసివేయుటకు వీలులేక పోయెను. చాలమంది ఈథర్‌ను కాపాడుటకు రకరకముల ఉపాయములు వెదకిరి. ఐన్‌స్టైన్ మాత్రము 16 సంవత్సరముల వయస్సునందే, అనగా మీకంటె కొంచెము పెద్దవాడుగా నున్నపుడే, మీ తోటి బాలిక అడిగినటువంటి ప్రశ్ననే తనకు తాను వేసికొనెను: వెలుగు వెంట వెలుగంత వేగముతో పరుగెత్తినచో ఏమి కనబడును? కదలక నిలిచిపోయిన అల కనబడవలెను. కాని అట్టి వెలుగును ఎవ్వరును చూడలేదు. విద్యుదయస్కాంత సూత్రములును దానిని ఒప్పుకొనవు. పది సంవత్సరముల పిమ్మట, 1905లో, బెర్న్ నగరపు పేటెంట్ కార్యాలయములో ఉద్యోగిగా నుండి ఆయన దీనికి జవాబు వ్రాసెను. ఆయన రెండు మాటలను మూలముగా గ్రహించెను. సమవేగముతో పోవు వారందరకును ప్రకృతి నియమములు ఒక్కటే. శూన్యములో వెలుగు వేగము, దీపము కదలినను కదలకున్నను, చూచువారందరకు ఒక్కటే. దీనికే సాపేక్షతా సిద్ధాంతమని పేరు.

క్రొత్త కూడిక

అట్లయిన వేగములను ఎట్లు కూడవలెను? విధానము కష్టమైనది కాదు. ఎనిమిదవ తరగతి గణితము చాలును. రెండు వేగములను వెలుగు వేగములో భాగములుగా వ్రాసికొనుడు. రెంటిని కూడుడు. మరల రెంటిని గుణించి, ఆ లబ్ధమునకు 1 కలుపుడు. మొదట వచ్చిన మొత్తమును రెండవదానిచే భాగింపుడు. వచ్చినదే నిజమైన వేగము.

బండి వెలుగు వేగములో 0.75 వంతు వేగముతో పోవుచున్నది. బండిలోనుండి ఒక గుండును ముందుకు 0.75 వంతు వేగముతో పేల్చిరి. పాత కూడికలో 1.5, అనగా వెలుగునకు ఒకటిన్నర రెట్లు. క్రొత్త లెక్కలో మొత్తము 1.5, లబ్ధము 0.5625; దానికి 1 కలుపగా 1.5625. 1.5ను 1.5625చే భాగించిన 0.96 వచ్చును. వెలుగును దాటలేదు.

ఇప్పుడు గుండునకు బదులు దీపము వెలిగింపుడు. వెలుగు వేగము 1. మొత్తము 1.75. లబ్ధము 0.75; 1 కలుపగా అదియు 1.75. భాగింపగా సరిగా 1. బండి వేగము ఎంతయినను, 0.5 అయినను, 0.99 అయినను, మీరు చేసి చూచుకొనుడు; జవాబు 1 తప్ప వేరొకటి రాదు.

మరి బంగారపేట బండిలో బంతి సంగతి యేమి? అచట రెండు వేగములును వెలుగు ముందర ఎంత చిన్నవనగా, వాని లబ్ధము లెక్కకు అందదు. అందుచేత 40కి 10 కలిపిన 50 అనుట తప్పు కాదు. పాత కూడిక మెల్లని వేగములకు సరిపోవును. మేము దానిని చెల్లని చోటికి తీసికొనిపోతిమి.

ఇది కాగితము మీది లెక్క మాత్రమే కాదు. 1964లో స్విట్జర్లండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో మీ తోటి బాలిక అడిగిన ప్రయోగమునే చేసిరి. బండికి బదులు పయాన్ అను సూక్ష్మకణము. దాని వేగము వెలుగు వేగములో 0.99975 వంతు. ఆ కణము విచ్ఛిన్నమైనపుడు గామా కిరణములు వెలువడును. అవి కూడ వెలుగు జాతికి చెందినవే. కావున అవియే దీపపు వెలుగు. మేము తరగతిలో చెప్పిన లెక్క ప్రకారము ముందుకు పోవు కిరణముల వేగము సెకండునకు సుమారు 6 లక్షల కిలోమీటర్లు ఉండవలెను. కొలువగా వచ్చినది సుమారు 2,99,770 కిలోమీటర్లు. అందు 40 కిలోమీటర్లు హెచ్చుతగ్గు ఉండవచ్చునని వారు చెప్పిరి. అనగా మామూలు వెలుగు వేగమే!

గడియారము మందగించుట

బుద్ధిమంతుడైన విద్యార్థి ఇచట అడ్డుపడవచ్చును. “బండిలోని వానికి వెలుగు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో బండిని విడిచి పోవుచున్నది. నేల మీది వానికిని అదే వేగము. బండి తానును పోవుచుండగా ఇద్దరి మాటయు ఎట్లు నిజమగును?” వేగమనగా దూరమును కాలముచే భాగించుటయే గదా. వేగము మారకున్నచో, దూరమును కాలమును మారి తీరవలెను. ఐన్‌స్టైన్ సాహసము ఇచట నున్నది.

బండిలో నేలనుండి కప్పువరకు 4 మూరల ఎత్తున్నదనుకొందము. నేల మీది దీపమునుండి వెలుగు నిట్టనిలువుగా కప్పును చేరుటయే ఒక గడియారపు ఒక టిక్కు. బండిలోని వానికి వెలుగు నడిచినది 4 మూరలు. బండి వెలుగు వేగములో 3/5 వంతు వేగముతో పోవుచున్నదనుడు. ప్లాట్‌ఫారము మీది వానికి ఆ వెలుగు నిలువుగా పోదు. అది పైకి పోవునంతలో బండి ముందుకు జరిగినది. అందుచేత వెలుగు దారి ఏటవాలుగా నుండును. వెలుగు 5 మూరలు పోవునంతలో బండి 3 మూరలు పోవును. అడుగు 3, ఎత్తు 4, కర్ణము 5 గల లంబకోణ త్రిభుజము మీకు తెలిసినదే. వెలుగు వేగము ఇద్దరికిని ఒక్కటే. ఒకనికి అది నడిచినది 4 మూరలు, రెండవవానికి 5 మూరలు. కావున ప్లాట్‌ఫారము మీద 5 గంటలు గడచునప్పటికి, అచటినుండి చూచువాని లెక్కలో బండిలోని గడియారము 4 గంటలు మాత్రమే చూపును.

గడియారము చెడిపోలేదు. బండిలోని వాని శ్వాస, నాడి, ఆలోచన సమస్తమును అదే నడకలో నుండును గాన వానికి తేడాయే తెలియదు. వాని దృష్టిలో మందగించినది ప్లాట్‌ఫారము మీది గడియారమే. అట్లే పోవుచున్న బండి పొడవు కూడ నేలమీది వానికి 5 మూరలకు 4 మూరలుగా కుంచించుకొని కనబడును.

దీనినిబట్టి ఇందాకటి చిక్కును విప్పవచ్చును. నేలమీది వాని లెక్కలో వెలుగు 3 లక్షల కిలోమీటర్లు పోవునంతలో బండి 1,80,000 కిలోమీటర్లు వెంట తరుముచున్నది. వాని మధ్య ఎడము సెకండునకు 1,20,000 కిలోమీటర్లు మాత్రమే పెరుగును. బండి వేగము 0.99975 వంతు అయినచో ఆ ఎడము సెకండునకు 75 కిలోమీటర్లు మాత్రమే. బండిలోని వాడు మాత్రము తన మూరకోలతోను తన గడియారముతోను కొలిచి ఎడము 3 లక్షల కిలోమీటర్ల చొప్పున పెరిగెననును. ఇద్దరును నిజమే పలుకుచున్నారు. వారి మూరలును గంటలును వేరు.

మన జిల్లాలో ఒక సాక్ష్యము

ఇంతటి వింతకు సాక్ష్యము దూరదేశములలోనే వెదకనక్కరలేదు. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు మన వాతావరణమును తాకినపుడు, సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున, మ్యూఆన్ అను కణములు పుట్టును. నిలుకడగా నున్న మ్యూఆన్ సగటు ఆయువు సెకండులో పదిలక్షవ వంతులు 2.2 మాత్రమే. ఆ స్వల్పకాలములో వెలుగైనను సుమారు 660 మీటర్లే పోగలదు. మరి మ్యూఆనులు నేలకు చేరరాదు. కాని చేరుచున్నవి! సముద్రమట్టమున ప్రతి చదరపు సెంటీమీటరు మీదను నిమిషమునకు సుమారు ఒకటి చొప్పున పడుచున్నవి. వెలుగు వేగములో 0.998 వంతు వేగముతో వచ్చు మ్యూఆను గడియారము మన లెక్కలో సుమారు 16 రెట్లు మందగించును. అందుచే అది 10 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయగలదు.

వేగముగా పోవు ఇట్టి కణము తానే ఒక గడియారమనియు, నిలుకడగా నున్న దానికంటె ఎక్కువకాలము జీవించుననియు 1938లో నేచర్ పత్రికలో వ్రాసినవారు మన దేశీయుడైన హోమీ భాభా. 1941లో అమెరికాలో రోసీ, హాల్ అను వారు కొండమీదను దిగువను ఈ కణములను లెక్కించి అది నిజమని చూపిరి. తరువాత భాభా స్థాపించిన టాటా సంస్థవారు విశ్వకిరణములను పరిశోధించుటకు మన కోలారు బంగారు గనులను ఎన్నుకొనిరి. 1950 దశకమునుండి గనులలో వేర్వేరు లోతులకు దిగి, అచటివరకు రాతిని తొలుచుకొని వచ్చు మ్యూఆనులను లెక్కించిరి. 1965లో నేలక్రింద సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణములో పుట్టు న్యూట్రినోల జాడను ప్రపంచములో మొదట కనుగొన్నవారిలో వారు ఉండిరి.

ఆ గనులు 2001లో మూతపడినవి. మీలో కొందరి తాతలు ఆ గనులలో దిగి పనిచేసినవారే. వారిలో తెలుగువారును, తమిళులును, కన్నడిగులును కలరు. వారు బంగారము త్రవ్విన చోటనే, వెలుగునకు సమీపమైన వేగముతో పరుగిడి వచ్చిన కణములను శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఈ విషయము మన ఊరికి అందని విషయమని ఎవరైన అనినచో ఈ మాట జ్ఞాపకము చేయుడు.

మారునది వేగము కాదు, రంగు

దీపము ఎంత వేగముగా కదలినను వెలుగు వేగము మారదంటిమి. మరి ఏమియు మారదా? మారును. ఎదురుగా వచ్చు బండి కూత సన్నగాను, దాటిపోయిన బండి కూత మోటుగాను వినబడుట మీరెరిగినదే. అట్లే వెలుగునకు రంగు మారును. దీపము మనవైపు వచ్చుచున్నచో దాని అలలు దగ్గరగా చేరి తరంగదైర్ఘ్యము తగ్గును. రంగు ఊదావైపు జరుగును. దూరముగా పోవుచున్నచో తరంగదైర్ఘ్యము పెరిగి రంగు ఎరుపువైపు జరుగును.

3/5 వంతు వేగమునకు ఈ లెక్క సులభముగా తేలును. 1కి 0.6 కలిపిన 1.6; 1లో 0.6 తీసివేసిన 0.4. మొదటిదానిని రెండవదానిచే భాగింప 4. దాని వర్గమూలము 2. అనగా మనవైపు వచ్చు దీపపు వెలుగు తరంగదైర్ఘ్యము సగమగును. దూరముగా పోవుదానిది రెట్టింపగును. 700 నానోమీటర్ల ఎర్రదీపము మనవైపు వచ్చుచున్నచో 350 నానోమీటర్లదై, కంటికి కనబడని అతినీలలోహిత కిరణమగును. స్టేషను మాస్టరు ఎంత చూచినను ఆ ఎర్రదీపము కనబడదు!

మరియొక మార్పు దిక్కునకు సంబంధించినది. దీపము అన్ని వైపులకును వెలుగు చిమ్మినను, అది వేగముగా పోవుచున్నపుడు నేలమీది వానికి వెలుగు చాలవరకు ముందువైపుననే గుమికూడి కనబడును. వేగము పెరిగిన కొలది ఆ వెలుగు టార్చిలైటు వెలుగువలె సన్ననగును. మధ్యప్రదేశములోని ఇందోరు నగరమున ఇండస్-2 అను యంత్రమున్నది. అందు ఎలక్ట్రానులను వెలుగునకు మిక్కిలి సమీపమైన వేగముతో వలయముగా త్రిప్పుదురు. మలుపులయందు అవి సన్నని తీవ్రమైన వెలుగును తమ ముందునకు చిమ్మును. పదార్థముల లోపలి నిర్మాణమును పరీక్షించుటకు ఆ వెలుగును వాడుచున్నారు. కదలు దీపపు వెలుగును మన దేశములో ఇట్లు పనిలో పెట్టుకొన్నారు.

వెలుగంత వేగముతో బండి పోవచ్చునా?

బాలిక అడిగినది వెలుగునకు సమీపమైన వేగము కాదు, సరిగా వెలుగంత వేగము. దీనికి జవాబు: బరువు గల ఏ బండియు ఆ వేగమును అందుకొనలేదు. వేగము పెరిగిన కొలది ఇంకొంచెము పెంచుటకు కావలసిన శక్తి విపరీతముగా పెరుగును. వెలుగు వేగమును చేరుటకు అంతులేని శక్తి కావలెను. సెర్న్‌లోని మహాయంత్రములో ప్రోటానులు వెలుగుకంటె సెకండునకు సుమారు 3 మీటర్లు మాత్రమే తక్కువ వేగముతో పోవును. ఆ 3 మీటర్ల కొరతను మాత్రము తీర్చలేరు. అందుచేత వెలుగుతో సమానముగా పోవువానికి ఏమి కనబడుననుటకు జవాబు లేదు, అట్టివాడు ఉండడు. వెలుగును తరుముచు ఎంత వేగముగా పోయినను, అది నిన్ను విడిచి అదే 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవుచునే యుండును.

ఇచట ఒక జాగ్రత్త. ఇదంతయు శూన్యములోని వెలుగును గూర్చిన మాట. నీటిలో వెలుగు సెకండునకు సుమారు 2,25,000 కిలోమీటర్లే పోవును. నీటిలో దానిని మించి పోవు ఎలక్ట్రానులు కలవు. అవి నీలి కాంతిని వెదజల్లును. అణురియాక్టరుల నీటికొలనులలో కనబడు నీలివెలుగు అదియే. శూన్యములోని వెలుగు వేగమును మాత్రము అవియు దాటవు.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తము. ఇట్టి సంగతులు తెలుగులో వచ్చునా? పైన మేము వ్రాసినది తెలుగే. కాంతి, వేగము, తరంగదైర్ఘ్యము, సాపేక్షత అను మాటలు పిల్లలు నోటికి తెచ్చుకొన్నచో, కన్నడ పుస్తకము తెరచినను వేగ, తరంగ, సాపేక్షత అను మాటలే ఎదురగును. రేపు ఇంగ్లీషులో చదివినపుడు పేర్లు మారును గాని తెలిసికొన్న విషయము మారదు. ఇంగ్లీషును కన్నడమును నేర్వవలదని మేము చెప్పుట లేదు, తప్పక నేర్వవలెను. ఒక భాషలో అర్థమైన దానిని మరియొక భాషలోనికి తీసికొనిపోవచ్చును. ఏ భాషలోను అర్థముకాని దానిని ఎచటికిని తీసికొనిపోలేము.

ఆనాడు తరగతిలో తప్పిన జవాబు మాది, భాషది కాదు. తెలియదని చెప్పి తెలిసికొని వత్తుమని అనియుండిన, ఆ బాలిక ఇంట నవ్వుల పాలు కాకపోవును. ఈ సంవత్సరము తరగతిలో అందరి యెదుట ఆ మాట ఆమెకు చెప్పితిమి. ఆమె ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో మా పాఠశాలలోనే చదువుచున్నది. రాబోవు సంవత్సరము ఎచట చదువుననునది ఆమె తల్లిదండ్రుల యిష్టము. ఎచట చదివినను ప్రశ్న అడుగుట మానకుండిన చాలును.

అభ్యాసము

1. బండి వేగము వెలుగు వేగములో 0.5 వంతు, అందులోనుండి ముందుకు పేల్చిన గుండు వేగమును 0.5 వంతు. నేలమీది వానికి గుండు వేగమెంత? (జవాబు: 0.8 వంతు.)

2. బండి 4/5 వంతు వేగముతో పోవుచున్నది. బండి ఎత్తు 3 మూరలు. త్రిభుజమును గీచి, ప్లాట్‌ఫారము మీద 5 గంటలు గడచునప్పటికి బండిలో ఎన్ని గంటలు గడచునో చెప్పుము. (జవాబు: 3 గంటలు.)

3. బండి 3/5 వంతు వేగముతో ముందుకు పోవుచుండగా, వెనుక పెట్టెలోని గార్డు వెనుకకు దీపము చూపెను. వేగములలో ఒకదానికి ఋణచిహ్నము పెట్టి లెక్క చేయుము. ఆ వెలుగు వేగమెంత? (జవాబు చేసి చూచుకొనవలెను.)

4. రైలుబండి దీపమును గూర్చి మేము తరగతిలో చెప్పిన జవాబులోని తప్పేమో, ఇంటిలోని పెద్దలకు తెలుగులో ఐదు వాక్యములలో వివరింపుము. వారు అడుగు మొదటి ప్రశ్నను వ్రాసికొని తరగతికి తెమ్ము.